కాలయంత్రంలో ఉండి నుండి భీమవరానికి

పిల్లలూ! అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉంది. కర్రతో బంతిని కొట్టి పరుగెత్తే ఆట. 1952లో టాప్స్ అనే కంపెనీ ఆటగాళ్ళ బొమ్మలు అచ్చువేసిన అట్టముక్కలను చూయింగ్ గమ్‌తో కలిపి కొద్ది సెంట్లకే అమ్మింది. అమ్ముడుపోని పెట్టెలు గోదాములో మిగిలిపోయాయి. 1960లో వాటిని పడవలో తీసుకుపోయి అట్లాంటిక్ సముద్రంలో పారబోశారు! ఆ సంవత్సరపు అట్టలలో మికీ మాంటిల్ అనే ఆటగాడి బొమ్మ ఒక్కటి 2022లో 1 కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

ఈ సంగతి వింటే మీకేమనిపిస్తుంది? "కాలయంత్రం ఉంటే 1952కు పోయి నాలుగు అట్టలు కొనుక్కు వచ్చేవాళ్ళం గదా!" అనిపిస్తుంది. అటువంటి యంత్రం కథను 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు "ఆదిత్య 369" అనే సినిమాగా తీశారు. అందులో పురాతన వస్తువులను దొంగిలించి దాచుకొనే ధనవంతుడు ఒకడు ఉంటాడు. మనం దొంగతనానికి పోవద్దు. డబ్బిచ్చి కొనడానికే పోదాం. అమెరికా దాకా కూడా అక్కరలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఉండిలో బయలుదేరి, పక్కనున్న భీమవరం పోస్టాఫీసుకు పోతే చాలు.

ఏ రోజుకు పోవాలి? 1948 ఆగస్టు 15న, స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండిన నాడు, గాంధీజీ బొమ్మతో నాలుగు తపాలా బిళ్ళలు వెలువడ్డాయి. వాటి వెలలు అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. వాటి మీద "బాపు" అని హిందీలోను, ఉర్దూలోను ఉంటుంది. పది రూపాయల బిళ్ళలు కొన్నిటి మీద గవర్నర్ జనరల్ కచేరీ కోసం "సర్వీస్" అనే మాట అదనంగా అచ్చువేశారు. అటువంటివి నాలుగు ఒకే వరుసగా ఉన్న ముక్క 2017లో 5 లక్షల పౌన్లకు అమ్ముడైంది. అవి మనకు అమ్మరు. మామూలు బిళ్ళలే కొందాం. అయితే ఆ ఆగస్టు 15 ఆదివారం. కనుక మరునాడు, సోమవారం పోదాం.

ఉండి దాటగానే చుట్టూ చూడండి. ఈ కాలంలో కనిపించే చేపల చెరువులు, రొయ్యల చెరువులు అప్పుడు లేవు. కనుచూపు మేర వరిచేలు. ఆగస్టు నెల గనుక సార్వా నాట్లు పడుతున్నాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుండి వచ్చే గోదావరి నీరు కాలువలలో పారుతున్నది. సరుకుల పడవలు ఆ కాలువల మీదే నడుస్తున్నాయి. ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు. అది 1953లో మాట.

పోస్టాఫీసు వచ్చింది. నాలుగు బిళ్ళలూ కలిపి ఎంత? లెక్క వేయండి. అణాలన్నీ కూడితే పదిహేడు. పదహారణాలు ఒక రూపాయి. అంటే మొత్తం పదకొండు రూపాయల ఒక అణా. ఇంతేనా అని మీ జేబులోని ఇరవై రూపాయల నోటు తీసి ఇస్తారు. గుమాస్తా దానిని తిరగేసి చూస్తాడు. ఆనాటి నోటు మీద ఆరవ జార్జి రాజు బొమ్మ ఉండాలి. మీ నోటు మీద గాంధీజీ ఉన్నాడు! దొంగనోటని పోలీసులను పిలుస్తాడు. కనుక ముందుగా ఈ కాలంలోనే రాజు బొమ్మ నోట్లను సేకర్తల దగ్గర కొనుక్కోవాలి. వాటికి వారు ఈనాటి ధర చెబుతారు. లాభం అక్కడే కొంత కరిగిపోయింది.

సరే, బిళ్ళలు తెచ్చారనుకోండి. అవి నిన్న అచ్చయినంత కొత్తగా ఉంటాయి. కాగితం పాతబడలేదు, జిగురు ఎండలేదు. "ఇన్నాళ్ళూ ఇది ఎవరి దగ్గర ఉంది?" అని కొనేవాడు అడుగుతాడు. మీ దగ్గర జవాబు లేదు. నకిలీదని తోసివేస్తాడు. పోనీ, వెయ్యి బిళ్ళలు తెచ్చారా? వెయ్యి దొరికే వస్తువుకు ఆ ధర ఎవరిస్తారు? సముద్రంలో పడ్డ అట్టలన్నీ తిరిగి వచ్చినా అంతే.

కొల్లేటి వైపు చూడండి. సాలంకాయన వంశపు రాజు నందివర్మ వేయించిన రాగిరేకులు ఆ ప్రాంతంలో దొరికాయి. ఆ రాజుల రాజధాని వేంగి, అంటే ఏలూరు దగ్గరి పెదవేగి. రాగిగా తూచి అమ్మితే ఆ రేకులకు వచ్చేది ఏపాటి? కాని సుమారు 1500 ఏళ్ళ కిందటి రాజు పేరు, దానం ఇచ్చిన సంగతి వాటి మీద ఉన్నాయి. అందుకే పండితులు వాటిని అంత విలువగా చూస్తారు. పాత వస్తువు విలువ దాని వయస్సులోనే లేదు. ఎక్కడ ఉన్నది, ఎవరు కాపాడారు, ఏం చెబుతుంది అనే దానిలో కూడా ఉంది. కాలాన్ని దూకి తెచ్చిన వస్తువుకు ఆ చరిత్ర ఉండదు.

ఇంతకూ కాలయంత్రం సాధ్యమేనా? వేగంగా పోయే గడియారం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు. 1971లో హాఫెలె, కీటింగ్ అనే శాస్త్రజ్ఞులు అణుగడియారాలను విమానాలలో భూమి చుట్టూ తిప్పి, నేలమీది గడియారాలతో పోల్చి చూశారు. తేడా నిజంగానే వచ్చింది. అయితే అది సెకనులో పది లక్షల వంతుకు కూడా చాలదు. ఈ విధంగా ముందు కాలంలోకి రవ్వంత వేగంగా పోవచ్చు గాని, వెనక్కు పోయే దారి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

ముందుకు పోయే బండి మాత్రం మన ఇళ్ళలోనే ఉంది. అది అమ్మమ్మగారి ట్రంకుపెట్టె. మన డెల్టాలో కాగితానికి శత్రువులు చాలామంది: తేమ, చెదలు, 1977 ఉప్పెన, 1986 గోదావరి వరద. వాటన్నిటినీ తప్పించుకొన్న టెలిగ్రాం కాగితం ఒకటి ఆ పెట్టెలో ఉండవచ్చు. మన దేశంలో తంతి సేవ 2013 జులైలో ఆగిపోయింది. ఇక అటువంటి కాగితం కొత్తది రాదు. చిత్తుకాగితాలలో పడేస్తే, టాప్స్ కంపెనీ చేసిన పనే మనమూ చేసినట్లు.

కనుక ఈ సెలవులలో ఒక పని చేయండి. పెద్దలను అడిగి పెట్టె తెరవండి. దొరికిన ప్రతి కాగితానికీ ఒక కవరు పెట్టి, ఆ కవరు మీద పెన్సిలుతో మూడు సంగతులు రాయండి: ఇది ఏమిటి, ఎవరిది, ఏ సంవత్సరానిది. చెప్పగలిగే తాతగారు, అమ్మమ్మగారు ఇంట్లో ఉన్నప్పుడే అడగాలి సుమా! తరవాత మీ వస్తువు కూడా ఒకటి అందులో చేర్చండి. ఉండి నుండి భీమవరానికి పోయిన రైలు టిక్కెట్టయినా సరే.