కార్ల ఆటలో పోలీసులు, మన రోడ్డు మీద పిల్లలు



సెలవులకు హాస్టళ్ల నుండి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని ఆడే కార్ల ఆటలను గూర్చి తల్లిదండ్రులు మమ్మును తరచుగా అడుగుచున్నారు. ఇది పాపమా, కాదా, ఒక్క మాటలో చెప్పమంటారు. చూడని దానిని ఖండించుట బహు సులువు. గనుక మేము సంఘములోని యౌవనస్థులను పిలిచి, వారు ఎక్కువగా ఆడే ఆట ఒకటి ఎంచుకొని, మూడు సాయంకాలములు ప్రక్కన కూర్చుని చూశాము.

దాని పేరు నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్. ఇది 2005 నవంబరులో వచ్చినది. తయారు చేసినది కెనడాలోని బ్లాక్ బాక్స్ అనే స్టూడియో, అమ్మినది అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్. పాతదైనను, పాత కంప్యూటర్లలో కూడ నడుచును గనుక మన పిల్లలకు ఇష్టము.

కథ రాక్‌పోర్ట్ అనే ఊహాపట్టణములో జరుగును. రేజర్ అనేవాడు ఆటగాని కారును మోసముతో పాడుచేసి, పందెములో గెలిచి దానిని తీసికొనును. దానిని తిరిగి సంపాదించుకొనుటకు 15 మంది పందెగాళ్లను ఒకరి తరువాత ఒకరిని ఓడించవలెను. అయితే పందెము గెలిస్తే చాలదు. పోలీసులను రెచ్చగొట్టవలెను, వారి బండ్లను గుద్దవలెను, అడ్డుకట్టలను చీల్చుకొని పోవలెను. అల్లరి పెరిగిన కొలది పెద్ద బండ్లు, మేకుల పట్టీలు, చివరకు హెలికాప్టరు కూడ వెంటపడును. ప్రభుత్వమునకు ఎంత నష్టము కలిగించినదీ డాలర్లలో లెక్క కట్టి, ఆ లెక్కను ఆటగాని ఘనతగా చూపుదురు. ఈ ఒక్కటి మాకు మింగుడుపడలేదు.

న్యాయముగా చెప్పవలెనంటే, రక్తము కనబడదు. అమెరికాలో దీనిని 13 ఏండ్లు నిండినవారికని వర్గీకరించారు. బాబుల చేతి నేర్పు ఆశ్చర్యముగానే యున్నది. నాలుగు పోలీసు బండ్లు చుట్టుముట్టినప్పుడు మేము కూడ కుర్చీ అంచుకు జరిగాము! ఒక అబ్బాయి నవ్వుచు, "అయ్యగారూ, యెహూ కూడ ఇట్లాగే తోలాడు గదా" అన్నాడు. రెండవ రాజులు 9వ అధ్యాయము చదివినందుకు సంతోషించాము. కావలివాడు రథము వచ్చు తీరును బట్టి దూరము నుండే మనిషిని గుర్తుపట్టాడు. మా ఊరిలోనూ సైలెన్సరు చప్పుడును బట్టి ఎవరి అబ్బాయో చెప్పేవారున్నారు.

రెండవ సాయంకాలము ఒక సంగతి గమనించాము. ఆ పట్టణములో నడిచే మనుష్యుడు ఒక్కడును లేడు. కాలిబాటలన్నీ ఖాళీ. ముసలమ్మ లేదు, బడిపిల్లలు లేరు, గేదెలు లేవు. వేగమునకు ఎవరును బలి కాకుండ మనుష్యులనే తీసివేశారు. మన రోడ్డు అట్టిది కాదు. సగము రోడ్డు మీద వడ్లు ఆరబోస్తాము, సాయంకాలపు కూటము ముగిసిన తరువాత స్త్రీలు చీకటిలో అంచు వెంట నడచి వస్తారు.

దాగుకొను స్థలముల విషయము మరియొకటి. ఆటలో కొంతసేపు ఒక మూల దాగితే పోలీసులు వెంటాడుట మానుదురు. వాక్యములో ఆశ్రయపురములు ఆరు ఉన్నవి, యొర్దానుకు ఇవతల మూడు, అవతల మూడు. పొరపాటున ప్రాణము తీసినవాడు అక్కడికి పారిపోవచ్చును, గాని గుమ్మమునొద్ద నిలిచి పెద్దలకు తన సంగతి చెప్పుకొనవలెను, సమాజము ఎదుట తీర్పునకు నిలువవలెను. ఆటలో అట్టి గుమ్మము లేదు. చివరి ఘట్టములో కూడ విరిగిన వంతెన మీదుగా దూకి తప్పించుకొనుటయే.

ఇంతవరకు తప్పు ఆటదే అనుకొందుమేమో. ఆడుచున్న బాబుకు 17 ఏండ్లు. తండ్రి లేడు, తండ్రి మోటారు సైకిలు అతడే నడుపును. "నీవు ఎప్పుడైనా పోలీసును తప్పించుకొన్నావా?" అని అడిగాము. తనిఖీ కనబడితే చెరువు గట్టు దారిలోకి తిప్పుతానని చెప్పాడు. ఆట నేర్పినదా అంటే, "లేదయ్యగారూ, ఊళ్లో అందరూ అట్లాగే పోతారు. మందిరానికి వచ్చే పెద్దలు కూడా" అన్నాడు. వాడు అబద్ధమాడలేదు. లైసెన్సు లేకుండ, హెల్మెట్టు లేకుండ, ముగ్గురేసి ఎక్కి ఆరాధనకు వచ్చేవారిని మేము ప్రతి ఆదివారము చూస్తూనే ఉన్నాము. రోమా 13వ అధ్యాయము ఆ పిల్లవానికి ఏ ముఖముతో బోధించుదుము?

తల్లికి చట్టము సంగతి తెలియదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, మైనరు బండి నడిపి నేరము చేస్తే సంరక్షకునికి లేక యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడు సంవత్సరముల వరకు జైలుశిక్ష. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దగును, ఆ బాలునికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు దొరకదు. ఈ మాటలు వినగానే ఆమె ముఖము పాలిపోయినది. కంప్యూటరు పగులగొట్టవలదు, తాళపు చెవి మీ కొంగున కట్టుకొనండి అని చెప్పాము. ఆట విషయములో, పదమూడేండ్ల లోపువారికి వద్దు, పెద్దవారికి శనివారము ఒక గంట, అదియు ఇంటిలో ఒకరు ప్రక్కన కూర్చున్నప్పుడే అన్నాము.

తాళపు చెవి ఇచ్చుచు ఆ బాబు ఒక ప్రశ్న వేశాడు. మందిరము నాలుగు కిలోమీటర్లు, అమ్మకు మోకాళ్ల నొప్పి, బస్సు ఆదివారము రాదు, మరి ఎట్లా? ఆటో ఉన్న విశ్వాసులు ముగ్గురున్నారు. డీజిలు ఖర్చు ఎవరు భరించవలెనో వచ్చే సంఘ కమిటీలో మాట్లాడుదుము.