గొట్టం అడుగున పేరు

పాత తుపాకీ ఒకటి చూపించి "ఇది ఫ్రెంచిది" అని ఊరుకుంటారు చూడండి, అక్కడే నాకు చిర్రెత్తుకొస్తుంది. దేశాలు తుపాకులు చెయ్యవు. ఒకడు ఇనుప పట్టీలు కాల్చి, మెలిపెట్టి గొట్టం చుడతాడు. ఒకడు మీటలూ స్ప్రింగులూ ఆకురాయితో అరగదీసి అమరుస్తాడు. ఇంకొకడు అక్రోటు కర్ర చెక్కి, భుజానికి కుదురుగా ఆనేలా చేస్తాడు. మరొకడు సన్నటి ఉలితో ఉక్కు మీద ఆకులూ కౌజు పిట్టలూ గీస్తాడు. వాళ్ళందరికీ పేర్లున్నాయి, ఇళ్ళున్నాయి, అప్పులున్నాయి. అవన్నీ తుడిచేసి ఒక దేశం పేరు చెబితే సరిపోతుందా?

సూరత్‌లో పుట్టి పెరిగినందుకే నాకీ కోపం ఇంత ఎక్కువ. "ఫ్రెంచి తుపాకీ" అన్నప్పుడల్లా నా చెవిన "సూరత్ చీర" అన్న మాట పడుతుంది. మన ఊళ్ళల్లో పెళ్ళికో గృహప్రవేశానికో పెట్టుబడి చీరలు కొంటూ "సూరత్ సరుకే కదా, చాల్లే" అంటారు. ఆ సరుకు వెనక సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు ఎందరున్నారో ఆ మాట అనేవాళ్ళకు పట్టదు. లింబాయత్‌లో కొన్ని వీధులు నడిస్తే బతుకమ్మ పాటలు వినిపిస్తాయి. ఈ నగరంలో మున్సిపాలిటీ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతుందని చెబితే హైదరాబాదు చుట్టాలు నమ్మరు. మా బాపు ఇక్కడే సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడి వయసంతా గడిపాడు.

సూరత్‌లోనే నాన్‌పురాలో ఒక పార్సీ పెద్దాయన దగ్గర తాతల నాటి రెండు గొట్టాల తుపాకీ ఉంది. లైసెన్సు ఆయనదే, తాకే హక్కూ ఆయనదే, అందుకని ఆయన విప్పుతుంటే నేను పక్కన కూచుని చూశాను. ముందు గొట్టాలు వంచి, తూటా గదులు ఖాళీగా ఉన్నాయని చూపించాడు. తర్వాత కింది చెక్క ఊడదీశాడు. గొట్టాల జతను వేరు చేసి, బల్ల మీద పాత దుప్పటి పరిచి దాని మీద పెట్టాడు. రెండు గొట్టాల నడిమి పట్టీ మీద బంగారు పూత అక్షరాల్లో ఒక పారిస్ దుకాణం పేరు, వీధి పేరు. ఆయన దాని మీద వేలు పెట్టి, "పారిస్ దీక్రా, అసలు పారిస్!" అన్నాడు.

"ఒకసారి తిరగేస్తారా అంకుల్?" అన్నాను.

అడుగు పక్క, పైకి కనిపించని చోట, టార్చి వెలుతురులో అసలు సంగతి బయటపడింది. తూటా గదుల కింది చదునులో, ఫ్రాన్సులోనే మరో ఊరైన సెయింట్ ఎటియెన్ తుపాకుల పరీక్షశాల ముద్ర, ఊరి పేరుతో సహా. దాని పక్కన పీటీ అనే అక్షరాలు, అంటే టీ రకం పొగలేని మందుతో పేల్చి పరీక్షించారని. గొట్టం లోపలి కొలత మిల్లీమీటర్లలో. ఇంకొంచెం ముందుకు, కొక్కెం దగ్గర, గోరంత జాగాలో రెండు పొడి అక్షరాలు. ఆ రెండే గొట్టం చేసినవాడి సంతకం. పైన బంగారంతో మెరిసేది అమ్మినవాడి పేరు.

పాత ఫ్రెంచి తుపాకుల పుట్టుక వెతికేవాళ్ళకు మొదటి పాఠం ఇదే. పట్టీ మీది పేరును నమ్మి ఆగిపోకూడదు. పారిస్‌లో గాస్తిన్ రెనెత్, ఫోరే ల పాజ్ లాంటి గొప్ప ఇళ్ళు ఉండేవి, వాళ్ళ పనితనానికి వంక లేదు. కానీ ఫ్రాన్సులో ఊరూరా ఉన్న ఆయుధాల దుకాణాలు సెయింట్ ఎటియెన్ నుంచి తయారైన తుపాకులు తెప్పించుకుని, తమ పేరు చెక్కించుకుని అమ్ముకునేవి. కొన్ని అక్కడివి కూడా కావు. అడుగున కోడిగుడ్డు ఆకారపు గీతలో ఈఎల్‌జీ అక్షరాలు, వాటి కింద ఒక నక్షత్రం కనిపిస్తే అది బెల్జియంలోని లీయెజ్ పరీక్షశాల ముద్ర. పైన పారిస్ వీధి పేరు ఎంత అందంగా రాసి ఉన్నా, ఆ గొట్టాలు మ్యూజ్ నది ఒడ్డున పరీక్షకు నిలబడ్డవే.

సెయింట్ ఎటియెన్ గురించి చెప్పడం మొదలుపెడితే నాకు ఆపబుద్ధి కాదు. బొగ్గు గనుల ఊరు. 1764లో అక్కడ రాజుగారి ఆయుధ కర్మాగారం వెలిసింది. విప్లవం రోజుల్లో సెయింట్ అన్న పేరు పనికిరాదని తీసేసి, ఊరికి ఆర్మ్‌విల్ అని పేరు పెట్టారు. ఆయుధాల ఊరు అన్నమాట. సైన్యం తుపాకుల సంగతి అలా ఉంచితే, వేట తుపాకులు చాలావరకు ఇళ్ళల్లో, చిన్న చిన్న కొట్లలో తయారయ్యేవి. గొట్టాలవాళ్ళు ఒక వీధి, కర్రపనివాళ్ళు ఇంకో వీధి, చెక్కుడు పనివాళ్ళు వేరే. ఒక తుపాకీ పూర్తయ్యేలోపు ఎన్నో గడపలు దాటేది. అన్ని చేతులు మారాక చివరి గడపలో పేరు పడేది.

అదే ఊళ్ళో ఇంకో పని కూడా ఉండేది, రిబ్బన్లు నేయడం. ఇది తెలిశాక ఆ ఊరు నాకు చుట్టాల ఊరైపోయింది. పక్కనే ఉన్న లియోన్‌లో జకార్డ్ 1800ల తొలి ఏళ్ళలో తయారుచేసిన పరికరం వీళ్ళ రిబ్బను మగ్గాల మీదికి ఎక్కింది. మగ్గం ఎత్తుగా ఉంటుంది గనక ఇళ్ళకు ఎత్తైన గదులు, నిలువెత్తు కిటికీలు కట్టుకున్నారు. ఇవాళ ఆ ఊరి మ్యూజియంలో తుపాకులు, రిబ్బన్లు, సైకిళ్ళు, మూడూ ఒకే కప్పు కింద ఉన్నాయి. మా బాపు జకార్డ్ సాంచె మీద పనిచేసిన షెడ్డుకు మాత్రం కిటికీ అన్నది లేదు. పగలూ రాత్రీ ట్యూబులైటే.

తుపాకీ మనుషుల్లో కొందరి పేర్లు మిగిలాయి, వాళ్ళను తలచుకోకుండా ఉండలేను. కాసిమీర్ లెఫోషో, పారిస్ పనివాడు. 1830లలో గొట్టాలను బిజాగరీ మీద కిందికి వంచి వెనకనుంచి తూటా పెట్టే పద్ధతి తెచ్చాడు. 1851 లండన్ ప్రదర్శనలో ఆ పద్ధతి చూశాకే ఇంగ్లండు పనివాళ్ళు అటు మళ్ళారు. ఇవాళ ప్రపంచంలో వంచి నింపే ప్రతి రెండు గొట్టాల తుపాకీ ఆయనకు బాకీ. లియొపోల్ బెర్నార్, గొట్టాల పనివాడు. ఆయన చేసిన గొట్టం అంటే ఎంత విలువో, దుకాణాలవాళ్ళే ఆయన పేరును దాచకుండా చెక్కించేవారు. రెజిస్ దార్న్, సెయింట్ ఎటియెన్ వాడు. లెఫోషో దారిని కూడా ఒప్పుకోలేదు. ఆయన తుపాకీలో గొట్టాలు వంగవు. పైనున్న మీట ఎత్తి వెనక్కి లాగితే వెనకటి దిమ్మ అంతా గాడిలో జారి, తూటా గదులు తెరుచుకుంటాయి. ముందుకు తోస్తే మూసుకుంటాయి. ఆ జారుడులో వెంట్రుకంత వదులు ఉండకూడదు. అంత పని కుదిరిందంటే అది గీత గీసినవాడి గొప్ప ఒక్కటే కాదు, ఆకురాయి పట్టినవాడిది కూడా.

ఎటియెన్ మిమార్ సంగతి వేరు. 1885లో ఆయుధాల తయారీకీ అమ్మకానికీ ఉన్న పాత కట్టుబాట్లను చట్టం సడలించింది. ఆ ఏడే ఆయన, పియేర్ బ్లాషోన్ కలిసి మొదలుపెట్టిన సంస్థ తర్వాత మాన్యుఫ్రాన్స్‌గా పేరుపడింది. తుపాకీ, సైకిలు, కుట్టుమిషను, అన్నీ లావుపాటి కేటలాగులో బొమ్మ వేసి, పోస్టులో ఇంటికి పంపేవారు. ఐడియల్ అనే ఖరీదైన తుపాకీ, 1913 నుంచి రోబ్యుస్త్ అనే గట్టి తుపాకీ వాళ్ళవే. ఆ ఫ్యాక్టరీ 1985లో మూతపడింది. వాళ్ళ తుపాకీ దొరికితే వెతుకులాట సులువు, అన్నిటికీ ఒకటే పేరు. నాకు మాత్రం పొడి అక్షరాలున్నవే ఇష్టం.

ఫ్రెంచి గొట్టాల్లో అందరూ మెచ్చుకునేది దమాస్ రకం. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి, మెలితిప్పి, కడ్డీ చుట్టూ చుట్టి, సుత్తి దెబ్బలతో అతికిస్తే, మెరుగు పెట్టాక నీటి అలల్లాంటి చారలు తేలతాయి. డమాస్కస్ కత్తుల మీది అలలకు అది అనుకరణ. కత్తుల మీది అలలు అతుకు వల్ల వచ్చినవి కావు, మూసలో కరిగించిన ఉక్కు గుణం వల్ల వచ్చినవి. ఆ ఉక్కు ముద్దలు తయారై బయటికి వెళ్ళిన చోట్లలో ఒకటి మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ అక్కడి కొలుములను కళ్ళారా చూసి రాసిన వర్ణన ఆయన పోయాక 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఏ ఊరి ఇనుము తెచ్చారో, మూసలు ఎలా పేర్చారో, తిత్తులు ఎలా ఊదారో అందులో ఉంది. ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి హాజీ హుసేన్ పేరు కూడా ఉంది. కొలిమి ముందు చెమటోడ్చిన కమ్మరి పేరు లేదు. కొన్నవాడు చరిత్రకు ఎక్కాడు. చేసినవాడు బూడిదలో ఉండిపోయాడు. ఇది చదివిన ప్రతిసారీ నాకు కడుపులో తిప్పుతుంది. పారిస్‌లో మనవాళ్ళ అలలను అనుకరించిన బెర్నార్ పేరు ఉక్కు మీద ఉంది, మనవాడి పేరు కాగితం మీద కూడా లేదు.

సాంచెల షెడ్డులోనూ అంతే. తాకా, అంటే నేసిన గుడ్డ చుట్ట, దిగాక దాని చివర చాక్‌పీసుతో నంబరు వేసేవాళ్ళు, అది సాంచె నంబరు. గుడ్డలో దారం తెగి ఉన్నా, నూనె మరక కనిపించినా ఆ నంబరు చూసి పగారు కోసేవారు. నేత బాగుంటే ఆ నంబరు ఎవరూ చూడరు. బాపు చేతి తాకాలో ఎప్పుడూ అంచు వంకర పోయేది కాదు. రింగురోడ్డు మార్కెట్లకు వెళ్ళే సరికి నంబరున్న ముక్కను కత్తిరించి పారేసేవారు. తర్వాత రంగు, ప్రింటు, అంచుకు లేసు, మీద రాళ్ళు. రాళ్ళు అతికించేది మా వీధి ఆడవాళ్ళే, ఇళ్ళల్లో కూచుని, వంటా పిల్లలూ చూసుకుంటూ. చివర ఒక నిగనిగలాడే లేబులు. దాని మీద ఉన్న పేరు మా వీధిలో ఎవరికీ తెలియదు. ఇదే నగరం ప్రపంచంలోని వజ్రాల్లో చాలా భాగం సానపట్టి పంపుతుంది. ఆ రాయిని ఎవరు సానపట్టారో ఉంగరం తొడుక్కున్నవాళ్ళు అడగరు. అడగాలి.

నాన్‌పురా పెద్దాయన తుపాకీ మీది రెండు అక్షరాలకు పూర్తి పేరు నాకింకా దొరకలేదు. సెయింట్ ఎటియెన్‌లో గొట్టాల పనివాళ్ళు తరతరాలుగా ఉన్నారు, తండ్రీ కొడుకులూ ఒకే పొడి అక్షరాలు వాడేవారు. పరీక్షశాల ముద్ర ఏ కాలపుదో పోల్చుకుని, తూటా గది 65 మిల్లీమీటర్లదేనా అని కొలిచి, పట్టీ మీది దుకాణం ఆ చిరునామాలో ఏ ఏళ్ళలో ఉందో చూసి, కాలాన్ని ఇరుకు చేసుకుంటూ పోవాలి. కుదురుగా చేస్తే దొరుకుతుంది. ఆ 65 సంగతి ఇంకొకందుకూ ముఖ్యం. ఇవాళ దొరికే 70 మిల్లీమీటర్ల తూటా ఆ గదిలో పెట్టి పేల్చకూడదు, గొట్టానికీ మనిషికీ ప్రమాదం.

ఒక విన్నపంతో ముగిస్తాను. 2019 డిసెంబరులో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించారు. మిగిలినవి పోలీసు ఠాణాకో, లైసెన్సున్న దుకాణానికో వెళ్ళాలి. అలా తాతల నాటి తుపాకులు ఇళ్ళ నుంచి వెళ్ళిపోతున్నాయి. లైసెన్సు పుస్తకంలో చాలాసార్లు కనిపించేది "12 బోరు, డీబీబీఎల్" (రెండు గొట్టాలది, వెనకనుంచి నింపేది అని), ఒక నంబరు, అంతే. ఆంధ్రలోనో తెలంగాణలోనో మీ ఇంట్లో అలాంటి పాత తుపాకీ ఉంటే, అప్పగించే ముందు లైసెన్సుదారు చేత, ఖాళీ చేయించి, గొట్టాలు విప్పించండి. అడుగున ఉన్న ప్రతి ముద్రకూ ప్రతి అక్షరానికీ పక్కన స్కేలు పెట్టి పగటి వెలుతురులో ఫోటో తీయండి. కాగితం మీద యథాతథంగా గీసుకోండి, మసక అక్షరాన్ని ఊహించి పూరించవద్దు. ఆ కాగితాన్ని ఇంటి పత్రాలతో పాటు భద్రం చేయండి.