ఓవర్‌టేకింగ్: అవసరమెంత, ఆపద ఎంత

ఒకే దిశలో పోతున్న రెండు వాహనాల్లో వెనకది ముందుదాన్ని దాటి పోవడమే ఓవర్‌టేకింగ్. గడ్డి మోపులు వేసుకుని మెల్లగా కదిలే ట్రాక్టరు, లోడుతో ఎగువకు ఎక్కుతున్న లారీ, ఊరూరా ఆగే పల్లెవెలుగు బస్సు, గంటకు 80 కిలోమీటర్లు పోగల కారు ఒకే రోడ్డు మీద నడిచేచోట ఒకదాన్నొకటి దాటక తప్పదు. అందుకే చట్టం దాన్ని నిషేధించలేదు. ఎప్పుడు, ఏ వైపు నుంచి, ఎంత జాగ్రత్తతో దాటాలో చెప్పింది. ముందు బండి తనతో సమానమైన వేగంతోనే పోతున్నా, రెండు నిమిషాల్లో ఇద్దరూ ఒకేచోట ఆగవలసి ఉన్నా, ఎదురుగా ఏముందో కనిపించకపోయినా దాటి తీరాలనుకునే తొందర వల్లనే ఆ అవసరం ఆపదగా మారుతోంది.

రెండు వరుసల రోడ్డు మీద దాటడమంటే, కాసేపు ఎదుటివాళ్ల సగంలో బండి నడపడం. ఆ కాసేపు ఎంతో లెక్క వేసి చూడవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బస్సును ఒక కారు 80 కిలోమీటర్ల వేగంతో దాటుతోందనుకుందాం. రెండింటి వేగాల మధ్య తేడా సెకనుకు అయిదున్నర మీటర్లు మాత్రమే. బస్సుకు 15 మీటర్ల వెనక బయలుదేరిన కారు, 11 మీటర్ల పొడవున్న బస్సును దాటి, 15 మీటర్ల ముందు తన వరుసలోకి రావాలంటే, తన పొడవుతో కలిపి 45 మీటర్లు ఎక్కువ పోవాలి. దానికి 8 సెకన్లు పడుతుంది. ఆ 8 సెకన్లలో కారు సుమారు 180 మీటర్లు ముందుకు పోతుంది. అదే వేగంతో ఎదురొచ్చే బండి ఇంకో 180 మీటర్లు దగ్గరవుతుంది. అంటే అన్నీ సవ్యంగా జరిగినా 360 మీటర్ల ఖాళీ రోడ్డు కావాలి.

రోడ్ల కొలతలను నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, డ్రైవరు తేల్చుకోవడానికి పట్టే సమయాన్ని కూడా కలిపి, 80 కిలోమీటర్ల వేగానికి 470 మీటర్లు, 100 కిలోమీటర్ల వేగానికి 640 మీటర్లు ముందు కనపడాలని లెక్క కట్టింది. అదే 80 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసి ఆగడానికి కావలసిన దూరం 120 మీటర్లు. ఆగడానికి సరిపోయేంత రోడ్డు చూసి, దాటడానికి కూడా అది చాలుననుకునే డ్రైవరు కావలసిన దానిలో నాలుగో వంతు మాత్రమే చూసి సాహసిస్తున్నాడు. ముందున్నది పొడవాటి కంటైనరు లారీ అయితే, లేదా అది కూడా వేగంగా పోతుంటే, కావలసిన దూరం ఇంకా పెరుగుతుంది.

దూరంతోపాటు చూపుకూ హద్దులున్నాయి. తిన్నగా ఎదురొచ్చే బండి, దూరంగా ఉన్నంతసేపూ కదలనట్టే కనిపిస్తుంది. దాని వేగం తెలిసేసరికి అది దగ్గరపడి ఉంటుంది. రాత్రివేళ ఈ చిక్కు రెట్టింపవుతుంది. ఎదురుగా వస్తున్న ఒంటి లైటు మోటారు సైకిలుదో, ఒక లైటు పోయిన లారీదో తెలియదు. హైబీమ్ కళ్లలో పడినప్పుడు రోడ్డు అంచున నడిచే మనిషి కనిపించడు. వరి, మొక్కజొన్న కోతల కాలంలో పల్లె రోడ్ల మీద సగం మేర ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. వెనక లైట్లు లేని ట్రాక్టరు ట్రక్కులు చీకట్లో కదులుతుంటాయి. పెద్ద బండి వెనక అంటుకుని పోతూ ఒక్కసారిగా కుడివైపుకి వచ్చే డ్రైవరుకు ఇవేవీ ముందుగా కనిపించవు. అందుకే అనుభవమున్న డ్రైవర్లు దాటాలనుకున్నప్పుడు ముందు బండికి దగ్గరగా జరగరు. కొంచెం వెనకే ఉండి, రోడ్డంతా కనిపించేలా చూసుకుంటారు.

పొరపాటు జరిగితే దాని ఫలితం కూడా మామూలు ప్రమాదం కన్నా దారుణంగా ఉంటుంది. 80లో పోతున్న కారు 60లో పోతున్న బస్సును వెనక నుంచి తాకితే, ఆ తాకిడి వెనక ఉన్నది 20 కిలోమీటర్ల తేడా. అదే కారు 80లో వస్తున్న లారీకి ఎదురెళ్తే, రెండూ గంటకు 160 కిలోమీటర్ల వేగంతో దగ్గరవుతాయి. ఆ దెబ్బలో ఎక్కువ భాగం తేలిక బండి మీద పడుతుంది. ఒక్కోసారి ఢీకొనకుండానే నష్టం జరిగిపోతుంది. ఎదురొచ్చే మోటారు సైకిలు మనిషి తప్పుకోబోయి మట్టిలోకి దిగి జారిపోతాడు. పాత రోడ్ల పక్కన చింతచెట్లు ఉంటాయి, డెల్టాలో కాలువ గట్ల రోడ్లకు పక్కనే నీళ్లు ఉంటాయి. కారణమైన బండి మాత్రం గీత కూడా పడకుండా వెళ్లిపోతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలి తీసుకున్నాయి. అలా ఎవరో తరిమితే పక్కకు తప్పుకుని పోయినవాళ్లు ఈ లెక్కలో ఏ కారణం కింద చేరారో చెప్పడం కష్టం.

నియమాలు కష్టమైనవేమీ కావు. మన దేశంలో బండి ఎడమవైపు నడుస్తుంది కాబట్టి కుడివైపు నుంచే దాటాలి. ముందు బండి కుడికి తిరగడానికి సిగ్నల్ ఇచ్చి మధ్యకు జరిగినప్పుడు ఎడమ నుంచి పోవడం దీనికి ముఖ్యమైన మినహాయింపు. మలుపులో, ఎత్తు మీదికి ఎక్కేచోట, ముందు దారి కనిపించనప్పుడు, కూడళ్ల దగ్గర, మనుషులు రోడ్డు దాటే గీతల దగ్గర ఓవర్‌టేక్ చేయకూడదు. వెనక బండి అప్పటికే తనను దాటడం మొదలుపెట్టి ఉంటే కుడికి రాకూడదు. రోడ్డు మధ్యలో తెగిన తెల్ల గీత ఉంటే, దారి ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని దాటవచ్చు. గీత తెగకుండా ఉంటే దాటరాదు. రెండు గీతలు పక్కపక్కన ఉండి ఒకటి తెగి ఉంటే, తెగిన గీత ఎవరివైపు ఉందో వాళ్లకే దాటే వీలు. ఈ గీతలను ఇష్టం వచ్చినట్టు గీయరు. ముందు రోడ్డు ఎంత దూరం కనిపిస్తుందో చూసి, ఇక్కడ దాటితే చావు ఎదురుకావచ్చని ఇంజినీర్లు ముందే చెప్పే మాట అది.

ఇంత ప్రమాదానికి ఒడిగట్టి సంపాదించే సమయం ఎంత? 10 కిలోమీటర్ల దూరాన్ని 60లో పోతే 10 నిమిషాలు, 80లో పోతే ఏడున్నర నిమిషాలు పడుతుంది. రోడ్డంతా ఖాళీగా ఉంటేనే ఆ రెండున్నర నిమిషాలు మిగులుతాయి. మన రోడ్ల మీద ఒక బస్సును దాటితే దాని ముందు ఇంకో లారీ, దాని ముందు ఆటో ఉంటాయి. వరుసలో ఒక స్థానం ముందుకు జరిగినందుకు దక్కేది కొన్ని సెకన్లే. తర్వాతి టోల్ గేటు దగ్గరో, ఊరి సెంటర్లోనో దాటిన బండి, దాటించుకున్న బండి మళ్లీ పక్కపక్కనే నిలబడతాయి.

అనవసరమైన ఓవర్‌టేకింగ్ ఎలాంటిదో చూడాలంటే రైలు గేటు పడినప్పుడు చూడాలి. ముందు వచ్చిన బండ్లు ఎడమవైపు వరుసగా ఆగుతాయి. తర్వాత వచ్చినవాళ్లు ఆ వరుసను దాటి కుడివైపు గేటు దాకా వచ్చి నిలబడతారు. అవతలి పక్కనా అదే జరుగుతుంది. రైలు పోయి గేటు లేచేసరికి రెండువైపులా రోడ్డు నిండా బండ్లు ఎదురెదురుగా నిలిచి, ఎవరూ కదలలేరు. రెండు నిమిషాల్లో తేలిపోవలసిన పని పావుగంట పడుతుంది. అంబులెన్స్ కోసం జనం దారి ఇస్తే, ఆ సందులో దాని వెనకే తోసుకుపోయే కార్లది కూడా ఇదే తీరు. వెనక వచ్చే రెండో అంబులెన్సుకు ఇక ఆ దారి మిగలదు.

ఆగిన బస్సును ఎడమవైపు నుంచి దాటే మోటారు సైకిళ్లది ఇంకా పెద్ద తప్పు. బస్సు తలుపు ఆ వైపే ఉంటుంది. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి, సంచి పట్టుకున్న ముసలమ్మ, బడిపిల్లలు అక్కడే దిగుతారు. మెట్టు మీద నుంచి కాలు కింద పెట్టేవాళ్లు వెనక నుంచి బండి దూసుకొస్తుందని ఊహించరు, ఊహించవలసిన అవసరమూ వాళ్లకు లేదు.

నాలుగు వరుసల హైవేలు వచ్చి, మధ్యలో డివైడర్ కట్టాక ఎదురెదురుగా ఢీకొనే భయం తగ్గింది గానీ కొత్త చిక్కులు వచ్చాయి. కుడి వరుస దాటడానికి ఉద్దేశించింది. దాటగానే ఎడమకు రావాలి. లోడు లారీలు, నెమ్మదిగా పోయే కార్లు కుడి వరుసనే పట్టుకుని వదలవు. వెనకవాళ్లు విసిగి ఎడమ నుంచి దాటుతారు. ఆ ఎడమ వరుసలోనే పల్లెల నుంచి ఆటోలు ఎక్కుతాయి, యూటర్న్ దూరమని మోటారు సైకిళ్లు ఎదురొస్తాయి, పంక్చరైన లారీలు ఆగి ఉంటాయి. కుడికి, ఎడమకు మార్చి మార్చి కట్ కొడుతూ పోయే కారు డ్రైవరు, వాటిలో ఏది ఎప్పుడు అడ్డొస్తుందో తెలియకుండానే పందెం కాస్తున్నాడు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు బండ్లు బారులు తీరినప్పుడు ఈ కట్‌లు కొట్టినవాళ్లెవరూ పండగకు ఒక పూట ముందు చేరరు.

ఈ తొందరకు కారణాలను డ్రైవరు స్వభావంలోనే వెతికితే సరిపోదు. ఎన్ని ట్రిప్పులు వేస్తే అంత కూలి ముట్టే ఇసుక లారీ డ్రైవరు, ముందు ఎవరు స్టాపుకు చేరితే వాళ్లకే ప్రయాణికులు దొరికే షేర్ ఆటో మనిషి, నిమిషాల లెక్కన పార్శిల్ అందించవలసిన కుర్రాడు సొంత సరదా కోసం పరుగెత్తడం లేదు. వాళ్ల పని ఒప్పందమే వాళ్లను తరుముతోంది. ఆ ఒప్పందం రాసినవాళ్లకు కూడా ప్రమాదంలో బాధ్యత ఉండాలి. సొంత కార్లలో పోయేవాళ్లకు ఆ సాకు లేదు. తనను ఎవరైనా దాటితే అవమానంగా భావించడం, చిన్న బండి వెనక పెద్ద బండి పోవడమేమిటన్న అహం, పక్కన కూర్చున్న స్నేహితుల కేరింతలు వాళ్లను నడిపిస్తాయి. నేర్చుకునేటప్పుడు కూడా లోపముంది. లైసెన్సు పరీక్షలో 8, హెచ్ ఆకారపు ట్రాకుల మీద బండి తిప్పిస్తారు. రెండు వరుసల రోడ్డు మీద లారీని ఎప్పుడు దాటాలో, ఎప్పుడు దాటకూడదో అక్కడ పరీక్షించరు. చాలామంది ఆ పాఠాన్ని హైవే మీద, ఇతరుల ప్రాణాలతో నేర్చుకుంటున్నారు.

దాటించుకునే డ్రైవరుకూ బాధ్యత ఉంది. వెనక బండి పక్కకు వచ్చాక వేగం పెంచడం చట్టరీత్యా తప్పు. సైడ్ ఇవ్వకుండా సతాయించడం, పక్కకు వచ్చినవాడిని ఎదుటి లారీ వైపు నెట్టినట్టే. తప్పుగా దాటుతున్నవాడి మీద కోపం వచ్చినా, ఆ క్షణంలో వేగం తగ్గించి అతనికి తన వరుసలో చోటివ్వడమే సరైన పని. అలా చేస్తే కాపాడేది అతన్ని ఒక్కడినే కాదు, ఎదురొస్తున్న కుటుంబాన్ని కూడా.

తొందర వల్ల లాభం లేకుండా చేస్తే తొందర తగ్గుతుందనడానికి తిరుమల ఘాట్ రోడ్లు మంచి ఉదాహరణ. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, తర్వాత వేసిన రెండోది ఎక్కడానికి వాడుకలో ఉన్నాయి. ఎదురు బండి రాదు. అయినా తిరుమల తిరుపతి దేవస్థానం ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీస సమయంగా పెట్టింది. బయలుదేరిన వేళ నమోదవుతుంది. అంతకన్నా ముందు చేరితే తప్పే. అక్కడ పదిమందిని దాటి పోయినా కలిసొచ్చేది ఏమీ లేదు.

అన్ని రోడ్ల మీద ఆ ఏర్పాటు కుదరదు కాబట్టి మిగిలినచోట్ల చట్టం, మర్యాద రెండూ పని చేయాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగులో చేర్చింది. దానివల్ల ప్రాణాలకు ముప్పు కలిగితే మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నిర్లక్ష్యంతో ఒకరి మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత ప్రకారం అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. హెల్మెట్ల కోసం ఆపినంత శ్రద్ధగా పోలీసులు గీత దాటినవాళ్లను ఆపితే ఈ సెక్షన్‌కు విలువ వస్తుంది. చెరిగిపోయిన గీతలను రోడ్లు, భవనాల శాఖ మళ్లీ వేయించాలి. మలుపుల్లో కొమ్మలు నరికించి చూపుకు దారి ఇవ్వాలి.

అందరికన్నా ముందు మాట్లాడవలసినవాళ్లు బండిలో కూర్చున్నవాళ్లు. బస్సులోనైనా, అద్దె కారులోనైనా డ్రైవరు మలుపులో దాటబోతుంటే ప్రయాణికులు ఊపిరి బిగబట్టి కూర్చోకూడదు. 'మాకు తొందరేం లేదు, నెమ్మదిగా పోనివ్వు' అని నోరు తెరిచి చెప్పాలి. స్టీరింగు పట్టినవాళ్లు దాటే వీలుందా అని చూసేముందు, దాటవలసిన అవసరముందా అని తమను తాము అడగాలి. అవసరం లేదని తోచిన ప్రతిసారీ వెనకే ఉండిపోవాలి. ఎదురొచ్చే బండిలో ఉన్నవాళ్లకు మనమెవరో తెలియదు. మన నిర్ణయంలో వాళ్లకు ఏ పాత్రా లేదు. వాళ్ల ప్రాణాలను పణంగా పెట్టే హక్కు ఎవరికీ లేదు.