కనబడని కోటకు కావలివారు

పాండవులు వారణావతానికి ప్రయాణమైన వేళ విదురుడు ధర్మరాజుతో కొన్ని మాటలు పలికాడు. పక్కనున్నవారికి వాటి అంతరార్థం బోధపడలేదు. నిప్పు వల్ల ముప్పు పొంచి ఉన్నదని ధర్మరాజు మాత్రం గ్రహించాడు. కొంతకాలానికి విదురుడు పంపగా ఒక ఖనకుడు వారి వద్దకు వచ్చాడు. అతడు నిజంగా విదురుని మనిషేనని నమ్మడం ఎట్లా? ఆనాడు విదురుడు గూఢభాషలో మాట్లాడిన సంగతిని, దానికి ధర్మరాజు ఇచ్చిన సమాధానాన్ని ఖనకుడు గుర్తుగా వినిపించాడు. నమ్మకం కుదిరింది. లక్క ఇంటి కింద సొరంగం సిద్ధమైంది. ఆదిపర్వంలోని ఈ ఘట్టంలో నేటి సైబర్ భద్రతకు మూలమైన మూడు సూత్రాలు ఇమిడి ఉన్నాయి. సమాచారం పరుల చెవిన పడినా అర్థం కాకూడదు. వచ్చినవాడు తానెవరో రుజువు చేసుకోవాలి. ఆపద ముంచుకొచ్చినప్పుడు బయటపడే దారి ముందే సిద్ధంగా ఉండాలి.

సూత్రాలు పాతవే అయినా కాపాడవలసిన కోట మారింది. ధాన్యాగారాలకు, ధనాగారాలకు ఉన్న విలువ ఇప్పుడు సమాచారానికి వచ్చింది. 1988 నవంబరులో అమెరికాలో ఒక విద్యార్థి వదిలిన ప్రోగ్రాం వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఆ అనుభవం నుంచే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అత్యవసర స్పందన కేంద్రం పుట్టింది. మనదేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. సైబర్ ప్రమాదాలను ఎదుర్కొనే జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ 2004లో ప్రారంభమైంది. మొదట్లో ఇది కంప్యూటర్ సంస్థల వ్యవహారమేనని చాలామంది భావించారు. అనంతర సంఘటనలు ఆ భావనను తుడిచివేశాయి.

దొంగల కన్ను ముందుగా పడేది ధనం మీదనే. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు పేరుతో దుండగులు దొంగ ఉత్తర్వులు పంపి దాదాపు 95 కోట్ల డాలర్లు కాజేయజూశారు. శ్రీలంకకు చేరవలసిన 2 కోట్ల డాలర్ల ఉత్తర్వులో ‘ఫౌండేషన్’ అనే మాటను ‘ఫాండేషన్’ అని రాశారు. ఆ అక్షరదోషం మధ్యవర్తి బ్యాంకుకు అనుమానం కలిగించింది. ఆ సొమ్ము దక్కింది. కాని 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్ ఖాతాలకు చేరిపోయాయి. 2022 జనవరిలో హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా సొమ్ము ఇదే విధంగా తరలిపోయింది. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈమెయిళ్ళే దొంగలకు ద్వారాలు తెరిచాయని పోలీసు విచారణలో తేలింది. ప్రతి బ్యాంకుకూ ప్రత్యేక సైబర్ భద్రతా విధానం ఉండాలని రిజర్వు బ్యాంకు 2016లోనే ఆదేశించింది. అందువల్ల బ్యాంకులలో రాత్రింబవళ్ళు నెట్‌వర్కును కనిపెట్టి చూసే నిపుణుల అవసరం పెరిగింది. హైదరాబాదులో 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐ.డి.ఆర్.బి.టి. బ్యాంకింగ్ సాంకేతికతలో ఇటువంటి పరిశోధనకు, శిక్షణకు కేంద్రంగా ఉన్నది.

వైద్యరంగంలో పోయేది డబ్బు మాత్రమే కాదు, ప్రాణాలకే ముప్పు. 2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ సర్వర్లు సైబర్ దాడికి లోనయ్యాయి. రోజుల తరబడి రోగుల నమోదు, పరీక్షల ఫలితాలు కాగితాల మీద నడిచాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి వరుసలో నిలబడిన పేదరోగికి సర్వరు అంటే ఏమిటో తెలియకపోవచ్చు. దాని కష్టం మాత్రం అతడే అనుభవించాడు. 2020 అక్టోబరులో హైదరాబాదు ఔషధ సంస్థ డాక్టర్ రెడ్డీస్ కూడా దాడికి గురై తన డేటా కేంద్రాలను వేరుచేయవలసి వచ్చింది. 2017 జూన్‌లో ముంబయి సమీపంలోని జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవులో ఒక టెర్మినల్ పనులు నిలిచిపోయాయి. 2019లో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రపు కార్యాలయ కంప్యూటరులో హానికర ప్రోగ్రాం బయటపడింది. ఇన్ని రంగాలకు కావలివారు కావాలి.

ఈ కావలి ఒకే రకమైన కొలువు కాదు. అనుమానాస్పద కదలికలను గమనించేవారు కొందరు. యజమాని అనుమతితో దొంగవలె ప్రయత్నించి లోపాలను ముందే చూపించేవారు కొందరు. నేరం జరిగిన తరువాత కంప్యూటరులో మిగిలిన ఆనవాళ్ళను సేకరించి న్యాయస్థానం ముందుంచేవారు మరికొందరు. ఈ మూడవ పని ఖజానా గది నేలమీద అడుగుజాడలు వెదకడం వంటిది. గణితం, నెట్‌వర్కింగు తెలిసినవారికే ఈ రంగం పరిమితమనుకోవడం పొరపాటు. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడడంలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానాను 2023 నాటి చట్టం నిర్దేశించింది. చట్టం చదివినవారికి, లెక్కల తనిఖీ నేర్చిన వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు ఇది కొత్త వాకిలి.

ఐ.ఎస్.సి.-2 అనే అంతర్జాతీయ సంస్థ 2024లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 48 లక్షల మంది సైబర్ భద్రతా నిపుణుల కొరత ఉన్నదని అంచనా వేసింది. అయితే అవసరం ఉన్నంత మాత్రాన ఉద్యోగం ఒడిలో వచ్చి పడదు. బడ్జెట్లు తగ్గి అనేక సంస్థలలో నియామకాలు మందగించాయని ఆ నివేదికే తెలిపింది. సంస్థలు అనుభవజ్ఞులను కోరుతాయి. కొన్ని వారాలలో నిపుణులను చేస్తామనే ప్రకటనలను నమ్మి తల్లిదండ్రుల కష్టార్జితాన్ని ధారపోయడం వివేకం కాదు. ఆపరేటింగు వ్యవస్థలు, నెట్‌వర్కులు, ప్రోగ్రామింగు అనే పునాదులు ఓపికతో వేసుకున్నవారికే ఈ భవనం నిలుస్తుంది.

ఉద్యోగాశను ఎరగా వేసేవారు వేరొక రూపంలోనూ ఉన్నారు. డేటా ఎంట్రీ పని, మంచి జీతం అని నమ్మి కంబోడియా వెళ్ళిన విశాఖ ప్రాంతపు యువకులను అక్కడ నిర్బంధించి సైబర్ మోసాలు చేయించారని 2024లో వెల్లడైంది. స్వదేశీయులకే ఫోన్లు చేసి వంచించవలసిన దుస్థితి వారికి కలిగింది. తాళం తీసే నేర్పు కావలివానికీ ఉంటుంది, దొంగకూ ఉంటుంది. అనుమతి, ఉద్దేశం ఆ ఇద్దరినీ వేరుచేస్తాయి. అనుమతి లేకుండా, దురుద్దేశంతో ఇతరుల కంప్యూటరులోకి చొరబడితే మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చునని చట్టం హెచ్చరిస్తున్నది. సరదాకు చేశానన్న సమాధానం ఉద్యోగ జీవితాన్ని ఆరంభంలోనే ముగించవచ్చు.

దాడులలో అధికభాగం యంత్రపు లోపం కన్నా మనిషి భయాన్ని, ఆశను, తొందరపాటును ఆధారం చేసుకుంటున్నాయి. పోలీసులమని బెదిరించే గొంతు తెలుగులోనే మాట్లాడుతుంది. బహుమతి వచ్చిందనే సందేశం తెలుగులోనే వస్తుంది. కాబట్టి పింఛను మీద బ్రతికే వృద్ధునికి, పొదుపు సంఘంలోని మహిళకు ఓ.టి.పి. ఎందుకు చెప్పకూడదో, సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరుకు ఎందుకు ఫోను చేయాలో వారి భాషలో వివరించగలవారు కూడా ఈ రంగానికి అవసరమే. విదురుడు గోడ కట్టలేదు, కత్తి దూయలేదు. సరైన మాటను సరైన వేళ, సరైన వ్యక్తికి చేరవేశాడు. ఒక కుటుంబం బ్రతికి బయటపడడానికి ఆ మాటే ఆధారమైంది.