అపరాధ పరిశోధనము – ఆగ్రహ న్యాయము

అపరాధ పరిశోధక నవలలయందు మాకు చిన్ననాటినుండి మక్కువ కలదు. అవి కాలము వ్యర్థపుచ్చు పుస్తకములని పెద్దలు కొందఱు నిరసింతురు గాని, మేమట్లు తలంపము. మంచి పరిశోధక కథ చదువరికి ఓర్పును నేర్పును. మొదటి ప్రకరణములో అందఱును వ్రేలు చూపువాడు తఱచుగా దోషి కాడు. అడుగుజాడయు, చేతివ్రాతయు, విషము కలిసిన పాత్రయు సాక్ష్యము చెప్పువఱకు పాఠకుడు తన తీర్పును ఆపుకొనవలసియుండును.

ఈ నవలలలోనే మఱియొక రుచియు కలదు. అది చట్టమును త్రోసిపుచ్చి దుష్టుని దండించుట. కానన్ డాయిల్ 1904లో ప్రకటించిన యొక కథలో, రహస్యలేఖలతో స్త్రీలను బెదరించి ధనము గుంజువానిని ఒక స్త్రీ కాల్చి చంపగా, షెర్లాకు హోమ్సు కన్నులార చూచియు పోలీసులకు చెప్పడు. అగాథా క్రిస్టీ 1934లో ప్రకటించిన రైలుబండి నవలలో, పసిబిడ్డ నెత్తుకొనిపోయి చంపినవానిని పలువురు కూడి కత్తిపోట్లతో చంపుదురు. పరిశోధకుడు వారిని పట్టియీయడు. చదువునప్పుడు మాకును తృప్తియే కలుగును. ఏలన, చచ్చినవాడు దుష్టుడని గ్రంథకర్తయే మనకు పూచీపడినాడు. ఊరిలో జరుగు నేరమునకు అట్టి పూచీదారు లేడు. ఈ భేదమును జనులు మఱచుటను మా ఓరుగల్లునందే చూచియున్నాము.

2008 డిసెంబరు 10వ తేదీన ఇంజనీరింగు చదువుచున్న ఇద్దఱు యువతులపై ఈ నగరమున యాసిడు చల్లబడెను. వారిలో ఒకతె ఆ నెలలోనే మరణించెను. నిందితులైన ముగ్గురు యువకులను కొలది దినములలోనే మామునూరు సమీపమున పోలీసులు కాల్చి చంపిరి. తమపై దాడి జరుగగా ఆత్మరక్షణకై కాల్చితిమని వారు చెప్పిరి. నగరమున మిఠాయిలు పంచిరి. అధికారికి పూలదండలు వేసిరి. ఆడపిల్లలు గల తల్లులు మా వీథిలో ఆనాడు హాయిగా ఊపిరి పీల్చుకొనిరి. వారి భయమును మేము తేలికగా చూడము. అయితే ఎవరి దోషము ఎంతయో సాక్షుల యెదుట తేలవలసిన విచారణ మొదలుకాకయే ముగిసెను. అంగడిలో యాసిడు సీసా ఎప్పటివలెనే దొరకుచుండెను. దాని విక్రయమునకు కట్టుబాట్లు వచ్చినది 2013లో. అదియు యాసిడు దాడికి గుఱియైన వేఱొక యువతి 2006లో వేసిన వ్యాజ్యముమీద సుప్రీంకోర్టు ఇచ్చిన యుత్తరువువలన.

2019 నవంబరు 27న హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలిని చెఱచి చంపిరి. డిసెంబరు 6న షాద్‌నగరు దగ్గఱ చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసుల కాల్పులలో మరణించిరి. మఱల పూలు చల్లిరి. మా తరగతిలో ఒక బాలిక లేచి, “సార్, మా పానం పోయినంక పదేండ్లకొచ్చే తీర్పు మాకెందుకు?” అని యడిగెను. దానికి శాస్త్రము వల్లించి తప్పించుకొనుట ఉపాధ్యాయధర్మము కాదు. ఆ యేడే హనుమకొండలో తొమ్మిది నెలల పసికందు నొకడు చెఱచి చంపగా, రెండు నెలలు తిరుగకమునుపే న్యాయస్థానము మరణశిక్ష విధించెననియు, ఉన్నత న్యాయస్థానము దానిని యావజ్జీవముగా మార్చెననియు చెప్పితిమి. తలచుకొన్నచో న్యాయస్థానము త్వరగా నడువగలదు. తలచుకొనునట్లు చేయవలసినది మనము. చటాన్‌పల్లి కాల్పులను విచారించిన సిర్పూర్కరు సంఘము, చంపు నుద్దేశముతోనే కాల్చిరనియు, నలుగురిలో ముగ్గురు మైనరులనియు చెప్పిన నివేదిక 2022లో వెలువడెను. ఆ బాలిక అప్పటికి మా పాఠశాల విడిచిపోయెను.

2020 మే 21, 22 తేదీలలో మా నగరపు చెంతనే గొర్రెకుంటలో ఒక బావినుండి తొమ్మిది శవములు వెలికివచ్చెను. వంగదేశమునుండి వచ్చి గోనెసంచుల కర్మాగారమున పనిచేయుచున్న కుటుంబమువారు ఆరుగురు. తక్కిన ముగ్గురును పరాయి రాష్ట్రముల కూలీలు. లాక్‌డౌను దినములగుటచే, ఆకలికి తాళలేక దూకిరని పలువురు తలంచిరి. శవపరీక్షయు, నిఘా కెమెరాల చిత్రములును వేఱొక దారి చూపెను. అన్నములో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని ఒక్కడే బావిలో పడవైచెననియు, అంతకుమునుపు తాను చేసిన యొక స్త్రీహత్యను కప్పిపుచ్చుటకే ఇది చేసెననియు తేలెను. అక్టోబరు 28న న్యాయస్థానము మరణశిక్ష విధించెను.

ఇందొక విశేషమును పాఠకులు గమనింపవలెను. ఆగ్రహ న్యాయము జనులు తమవారనుకొన్న వారికొఱకే పరుగెత్తును. ఆ తొమ్మండుగురికి వీథులలో కూడి న్యాయమడుగు బలగము ఇచట లేదు. వారి పక్షమున మాటాడినది పరిశోధనము.

ఇది పాశ్చాత్యులనుండి అరువు తెచ్చుకొన్న బుద్ధి యనుకొనరాదు. హఠాత్తుగా చచ్చినవాని దేహమునకు నూనె పూసి పరీక్షింపవలెననియు, ఉరికి, నీట మునుగుటకు, విషమునకు గల చిహ్నములను వేఱుపఱుపవలెననియు కౌటిల్యుని అర్థశాస్త్రమున విధి కలదు. మృచ్ఛకటికమున వసంతసేనను చంపెనని చారుదత్తునిపై నేరము మోపిరి. ఆమె నగలు సభలో అతని మిత్రుని చంకనుండి జాఱిపడెను. తోటలో మృగములు తిన్న స్త్రీశవము కనబడెనని భటుడు చెప్పెను. సభ నమ్మెను. వసంతసేన బ్రదికియే యున్నది. వధ్యుని చంపుటకు త్వరపడరాదని చెప్పిన తండ్రిమాటను ఆ నాటకమున తలారియే తలచుకొనును. ఆ యాలస్యము చారుదత్తుని కాపాడెను.

మన యిండ్లలో పిల్లలు పరిశోధక నవలలు నిశ్చింతగా చదువవచ్చును. పెద్దలమైన మనము, ఎన్‌కౌంటరు వార్త వచ్చిననాడు మిఠాయి కొనక, ఈ జిల్లాలో శీఘ్రవిచారణ న్యాయస్థానములెన్ని, శవపరీక్ష చేయు వైద్యులెందఱు, నమూనాల ఫలితము ఎన్నాళ్లకు వచ్చుచున్నదని మన ప్రతినిధుల నడుగవలెను. ఆ బాలిక వేసిన ప్రశ్నకు మనమీయవలసిన యుత్తరమింకను బాకీయున్నది.