అడుగు పూత

ఉద్యోగ విరమణానంతరము మనుష్యునకు పట్టుకొను వ్యసనములలో కొన్ని హానికరములు, కొన్ని హాస్యాస్పదములు. నాకు పట్టినది రెండవ తెగకు చెందినది. 72వ వంతుకు కుదించిన విమానముల ప్లాస్టిక్ ముక్కలను చట్రమునుండి కోసి, అతికి, రంగులు పూసి, అద్దాల బీరువాలో నిలుపుకొనుట నా నిత్యకృత్యము. ‘ఈ వయస్సులో బొమ్మలేమిటండీ?’ అని మా ఇంటావిడ అడుగును. ‘బొమ్మలు కావు, నమూనాలు’ అని నేను సవరింతును. ఆమె మారుమాటాడక కాఫీ గ్లాసును రంగుడబ్బాలకు ఎడముగా పెట్టి పోవును.

ఇటీవల నేను పూనుకొన్నది స్పిట్‌ఫైర్ విమానము. 1940లో బ్రిటన్ ఆకాశమున జరిగిన మహాసంగ్రామములో ఈ విమానములను నడపిన 152వ స్క్వాడ్రనునకు ‘హైదరాబాదు’ అని నామాంతరము కలదు. నిజాం ప్రభువు దాతృత్వమునకు గుర్తుగా వచ్చిన పేరది, ఆ దళపు చిహ్నముపై నిలిచినది ఆయన తలపాగాయే. ఇంగ్లండు దక్షిణ తీరమునకు దాపుననున్న వామ్‌వెల్ నుండి యెగిరిన యంత్రమునకు మన ఊరి పేరుండుట నాకు వింత గొలిపినందున, దాని పార్శ్వమున ‘యు ఎం’ అను ఆ దళపు అక్షరములనే అంటింపవలెనని సంకల్పించితిని. రెక్క కొననుండి కొనకు 6 అంగుళములు దాటీ దాటని ఆ వస్తువు, అరచేతిలో ఇముడునంతదే యైనను, నాకు నేర్పిన పాఠము చిన్నది కాదు.

ఈ విద్యలో క్రొత్తగా దిగినవారినెల్ల పీడించు సందేహమొకటి కలదు: నీటితో కలిపెడి యాక్రిలిక్ ప్రైమరుపై టర్పెంటైనుతో పలుచన చేసెడి ఎనామిల్ రంగు నిలుచునా? నీరును నూనెయు జన్మవైరులని చిన్ననాటినుండి వినుచున్న మనకు ఈ శంక సహజమే. కాని నీటికి అక్కడ పని కొంతసేపే. పూతలోని నీరు ఆవిరియై పోగా, అందు తేలియాడిన యాక్రిలిక్ కణములు ఒకదానినొకటి హత్తుకొని ఏకమైన పొరగా మారును. ఆ పొర మరల నీటికి కరగదు, టర్పెంటైనువంటి మెత్తని ద్రావకమునకు సులభముగా లొంగదు. లాకర్ థిన్నరువంటి ఉగ్రద్రవమును దానిపై చల్లితిమా, పొర ముడుతలుపడి నలిగిపోవును. ఎనామిల్ అట్టిది కాదు. తలుపులకును ఇనుప గేట్లకును వేయించుకొనుటచే మనకు చిరపరిచితమైన ఆ రంగు మొదట తన ద్రావకమును గాలికి విడిచి, పిమ్మట ఆ గాలిలోని ప్రాణవాయువునే గ్రహించి మెల్లమెల్లగా బిగియును. తాకిన వ్రేలికి అంటకపోవుట వేరు, లోపల గట్టిపడుట వేరు. ఈ రెండింటి నడుమ మాట్ రంగునకు ఒక దినము పట్టవచ్చును, మెరుపు రంగునకు కొన్ని దినములు పట్టవచ్చును.

ఇంత తెలిసియు నేను భంగపడితిని. తెల్లని ప్రైమరు పూసి, ఒక పగలు ఒక రాత్రి ఓర్పుతో ఆగి, హంబ్రోల్ వారి 29వ సంఖ్య గల మట్టిరంగును పలుచని పూతలుగా వేసి, అదియు ఆరినపిమ్మట, 30వ సంఖ్య గల ముదురాకుపచ్చకు హద్దులు దిద్దుటకై మాస్కింగ్ టేపు అంటించితిని. ఆకుపచ్చయు ముగిసెను. టేపును లాగితిని. ఎడమరెక్కమీద బొటనవ్రేలి గోరంత మేర టేపుతోడనే లేచివచ్చి, క్రిందినున్న బూడిదవన్నె ప్లాస్టిక్ నగ్నముగా కనబడెను. నీటికిని నూనెకును పొసగదన్న లోకోక్తియే గెలిచెనని క్షణకాలము కుములుకొంటిని. తరువాత ఆ పెచ్చును భూతద్దము క్రింద త్రిప్పి చూచితిని గదా: మీద గోధుమవన్నె, అడుగున తెలుపు; రెండును విడదీయరానట్లు ఒకదానినొకటి కరచుకొని యున్నవి! ఎనామిల్ ప్రైమరును విడువలేదు. ప్రైమరే ప్లాస్టిక్‌ను విడిచినది. విడువక యేమి చేయును? అచ్చునుండి ముక్కలు సులభముగా ఊడుటకు వాడిన జిడ్డును, పకోడీలు తిన్న నా వ్రేళ్ల జిడ్డును కడుగకయే నేను కుంచె పట్టితిని.

కొండపల్లి బొమ్మలవారు ఈ రహస్యమును ఎన్నడో ఎరుగుదురు. తెల్లపొణికి కొయ్యను సన్నని సెగపై ఉంచి చెమ్మను పోగొట్టిన తరువాతనే వారు చేతులు కాళ్లు తలలు అతుకుదురు. చింతగింజల పిండితోను రంపపు పొట్టుతోను చేసిన మక్కుతో అతుకులు పూడ్చి, సున్నపు పూత వేసి, అది ఆరినపిమ్మట గాని రంగు జోలికి పోరు. ఏనుగు అంబారీ మీద తళతళలాడు ఎరుపును చూచి మనము ముగ్ధులమగుదుము. ఆ ఎరుపును మోయుచున్నది సున్నమనియు, సున్నమును మోయుచున్నది చెమ్మ వీడిన కొయ్య యనియు తలపోయువారు అరుదు. ఇల్లు వెల్లవేయించునప్పుడు సైతము, రంగు పెచ్చులూడగానే రంగు కంపెనీని తిట్టుదుముగాని, తడిగోడపై లప్పము పెట్టించిన మన తొందరను తిట్టుకొనము.

కావున ఈ వ్యసనమున అడుగిడనున్న మిత్రులకు నా మనవి యొక్కటే. ఎనామిల్‌కును యాక్రిలిక్‌కును లేని తగవు తీర్చుటకు కూర్చుండకుడు. చట్రముననుండగనే ముక్కలను గోరువెచ్చని సబ్బునీళ్లతో పాత పళ్లకుంచె పట్టి రుద్ది కడిగి, ఆరబెట్టుడు. పిదప జిడ్డు వ్రేళ్లతో ముట్టకుడు. ప్రైమరును పలుచగా పూసి ఒక దినము మరచిపొండు. నా స్పిట్‌ఫైర్ ఎడమరెక్కపై గోరంత మచ్చ మాత్రము అట్లే యున్నది. దానిని నేను కప్పలేదు.