తగరపు బొమ్మ, మా తల్లి పైట

ఈ పాఠశాలలో చదివి, ఉద్యోగార్థమై జర్మనీ దేశమందలి నూరెంబర్గు పట్టణమున నివసించుచున్న మేము, సెలవుదినములలో తగరపు బొమ్మలు పోసి విక్రయించుచుందుము. ఇది మాకు జీవనోపాధి గాదు, వినోదమాత్రమే. ఐనను అది మాకు నేర్పిన పాఠ మొకటి చదువరులకు విన్నవింపదలచితిమి.

ఈ బొమ్మలు బిళ్ళవలె పలుచనివి. 18వ శతాబ్దమున హిల్పెర్ట్ అను తగరపు పనివాడు ఈ పట్టణముననే వీనిని పోసి ప్రసిద్ధి కెక్కెను. 1848వ సంవత్సరమున హైన్‌రిక్సన్ అను నతడు మనిషి బొమ్మకు సుమారు 30 మిల్లీమీటర్ల యెత్తును నిర్ణయించెను; ఆ కొలతయే నేటికిని చెల్లుచున్నది. కుల్మ్‌బాఖ్ పట్టణమున రెండేండ్ల కొకసారి ఈ బొమ్మల సంత జరుగును. గ్రంథములు వెలువరించువానికి వాడు పేరునే జర్మనులు ఈ బొమ్మలను వెలువరించువానికిని వాడుదురు. ఆ పేరిలోని బరువు మాకు మొదట తెలియలేదు.

రెండు పలకరాళ్లను నునుపుచేసి, ఒకదానిపై బొమ్మ ముందుభాగమును, రెండవదానిపై వెనుకభాగమును సన్నని ఉలులతో చెక్కవలెను. గాలి వెడలుటకు దారులు తీయవలెను. పిమ్మట రాళ్లను వెచ్చజేసి, జతపరచి, కరిగిన లోహమును పోయవలెను. శుద్ధమైన తగరము 232 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమికి కరగును. సీసము కలిపినచో అంతకంటె తక్కువ వేడికే కరగును గాని, అట్టి బొమ్మను పసిపిల్లల చేతి కీయరాదు. రాయి చల్లగా నున్నచో లోహము చివరలకు పారకమునుపే గడ్డకట్టును. మా తొలి బొమ్మలలో పెక్కింటికి చేతులే లేవు! అన్నిటికంటె ముఖ్యమైన సూత్రము వేరొకటి కలదు: రాతిపై ఎడమకు చెక్కినది బొమ్మలో కుడికి వచ్చును.

ప్రభువునందు నిద్రించిన మా తల్లి ఛాయాచిత్రము జూచి, చంకను బిందె నిడుకొన్న తెలుగు స్త్రీని నాలుగు మాసముల సాయంకాలములు శ్రమించి చెక్కితిమి. రంగు వేయని బొమ్మలు 43 అమ్ముడుపోయెను. ఒకనాటి రాత్రి మాకొరకై ఒకదానికి రంగు వేయుచు ఛాయాచిత్రమువంక జూచి నిశ్చేష్టులమైతిమి. తల్లి పైట ఎడమ భుజముపై నున్నది. బొమ్మ పైట కుడి భుజముపై నున్నది. చిత్రమును త్రిప్పి గీయుట మరచి, ఉన్నదున్నట్లే చెక్కితిమి!

చెక్కిన రాయి మరల పూడదు. ఊరకుండిన నెవరడుగుదురు? కుడిపైట వేయు స్త్రీలు ఉత్తరాంధ్ర గ్రామములలో లేకపోలేదు. ఈ సమాధానమును మూడు దినములు మనస్సునకు చెప్పుకొంటిమి. అది అబద్ధము గాదు. కాని మా తల్లి కుడిపైట యెరుగదు. ఎవరును కనిపెట్టలేని స్వల్పవిషయమందే మనుష్యుని నమ్మకము తేలునని ఈ పాఠశాలలో ప్రాతఃప్రార్థనవేళ వినినమాట మమ్ము నిద్రపోనీయలేదు.

కొన్న వారందరికిని తప్పు నొప్పుకొని ఉత్తరములు వ్రాసితిమి. మరి నాలుగు మాసములు మరల చెక్కి, క్రొత్త బొమ్మలను వెల లేకయే పంపితిమి. తిరిగివచ్చిన పాతవానిని కరగించి, ఆ లోహముతోనే మరికొన్ని పోసితిమి. ఆ యేట లాభము మాట యటుండగా, తపాలా ఖర్చులును చేతినుండియే పెట్టుకొంటిమి. ఒక వృద్ధుడు మాత్రము పాత బొమ్మను తిరిగి పంపలేదు. రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి, తన మనుమరాలికి పైట యననేమో, మీ తల్లి దాని నెటు వేసికొనెడిదో చెప్పితినని వ్రాసెను. ఆ జాబు చదివి మేము కన్నీరు నిలుపజాలకపోతిమి.

బాలబాలికలారా! మీరు వ్రాయు వ్యాసముగాని, గీయు పటముగాని చిన్నదే కావచ్చును. దానిక్రింద మీ పేరుంచునప్పుడు ఒక్కసారి మరల చూడుడు. తప్పు తరువాత కనబడినచో, మొదట మీరే చెప్పుడు. పాత రాయిని మేము పారవేయలేదు. అది నేటికిని మా బల్లపైననే యున్నది.